పేపర్ల తెరిచిన దవాఖాన

"అక్కా, అన్ని పేపర్లల్ల వచ్చింది. మీ ఒక్కదాంట్ల రాలే. అన్న మస్తు నారాజ్ అయిండు."

గా దినం పొద్దుగాల లేవంగనే నా చెవుల పడ్డ మొదటి మాట గిది. ఫోన్ చేసింది మా లీడరు పీఏ. లీడరు పదవి ఏందో, పార్టీ ఏందో నేను చెప్ప. చెప్తే మా గోదావరిఖనిల ఎవరో తెల్వకుంట ఉంటదా? మీకు తెల్వాల్సింది ఒక్కటే. ఆయన మేం ఓట్లేసి గెలిపిచ్చుకున్న మనిషి, నేను ఆయన గురించి పేపర్ల రాసే మనిషిని. జిల్లా పేజీకి వార్తలు పంపే విలేకరిని. ఈ బొగ్గు బాయిల నడుమ ఆడోళ్లు ఈ పని చేసుడు తక్కువ. అందుకే నన్ను అందరు గుర్తుపడ్తరు. కొందరైతే దూరంకెళ్లే గుర్తుపట్టి గల్లి మారుస్తరు.

"అన్నిట్ల ఏం వచ్చింది తమ్మీ?" అని అడిగిన, ఏం ఎరగనట్టు.

"గదే అక్కా, మన కాలనీల దవాఖాన ఓపెనింగు."

"ఓపెన్ అయిందా?"

"అయినట్టే గదక్కా," అన్నడు.

అయినట్టేనట. ముందటి రోజు పొద్దుగాలటి సంది ఎండ నెత్తి మీదికి వచ్చేదాక నేను గా దవాఖాన ముందటనే ఉన్న. ఎండకాలం రామగుండం ఎండ ఎట్లుంటదో మాకు ఒకలు చెప్పాల్సిన పని లేదు, బండ మీద రొట్టె కాల్చుకోవచ్చు. టెంటేసిండ్రు. తలుపుకు అడ్డంగ ఎర్ర రిబ్బన్ కట్టిండ్రు. పళ్లెంల కత్తెర పెట్టుకోని ఒక పిల్ల నిలవడ్డది. కాలనీ ఆడోళ్లు మంచి చీరలు కట్టుకోని వచ్చి కుర్చీలల్ల కూసున్నరు. కొత్త నర్సు తెల్లకోటు వేసుకోని, చెమటలు తుడుసుకుంట, లీడరుకు ఇచ్చే పూలబొకేకు నీళ్లు జల్లుకుంట ఉన్నది. లీడరు రాలే. పెద్దపల్లికి ఆయనకన్నా పెద్ద లీడరు ఉన్నట్టుండి వచ్చిండట, అందరు అటే ఉరికిండ్రు. ఆఖరుకు టెంటాయన వచ్చి రిబ్బన్ ఇప్పి, మడతవెట్టి జేబుల వేసుకోని, కుర్చీలు ఆటోల ఎక్కిచ్చుకోని పోయిండు. ఇగ నేను ఏం రాయాలె? ఇంటికి వచ్చి అన్నం తిన్న, వేరే వార్తలు పంపిన.

తెల్లారి పేపర్లు చూస్తే లీడరు నవ్వుకుంట రిబ్బన్ కోస్తున్నడు. అంగి మీద స్వెటర్ ఉన్నది. నడి ఎండకాలంల స్వెటర్. ఫొటో మొన్న చలికాలంల ఎవలదో బట్టల దుకాణం ఓపెనింగుది. నాకు కోపం రావాలె గని ముందుగాల నవ్వొచ్చింది. ఒక్కదాన్నే కూసోని కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విన.

గిట్లెట్ల అయితదని మీకు అనిపియ్యొచ్చు. మా దగ్గర ఒక పద్ధతి ఉన్నది. జిల్లా పేజీ జల్ది మూసేస్తరు. ఓపెనింగు అయ్యి, టిఫిన్లు తిని, వచ్చి రాసుకుంట కూసుంటే ఆఫీసుల వార్తలు దిద్దే డెస్కోళ్లు ఊకోరు. అందుకని ఆహ్వానం కార్డు చూసుకోనే పొద్దుగాల ఐటం, అంటె వార్త, తయారు చేస్తరు. "రిబ్బన్ కత్తిరించి ప్రారంభించారు. అనంతరం ఆయన మాట్లాడుతూ, పేదల ఆరోగ్యమే ధ్యేయంగా..." గిది ఎవరికైనా నోటికి వచ్చే పాఠమే. మా విలేకర్లల్ల ఒక సీనియర్ ఉన్నడు, అందరం కాక అంటం. ఆయన రాసి, పాత ఫొటో ఒకటి కలిపి వాట్సాప్ గ్రూపుల వేస్తడు, పోయినోళ్లు పోనోళ్లు అందరు అదే పంపుతరు. లీడర్లు గూడ గట్లనే అలవాటువడ్డరు. "అన్నా, రెండు మాటలు చెప్పు," అంటె, "నీకు తెల్వందా చెల్లె, నువ్వే రాస్కో," అంటరు. ఏండ్ల సంది వాళ్లు చెప్పని మాటలు మేం రాస్తున్నం, మేం రాసిన మాటలు వాళ్లు కత్తిరిచ్చి దాసుకుంటున్నరు. తానా అంటె తందానా. లగ్గం పత్రిక చూసి పెండ్లయిపోయిందని రాసినట్టే గని, లీడరు అనేటోడు ఓపెనింగుకు రాకుంట ఎప్పుడుంటడు? ఎన్నడు తప్పు కాలే. గీసారి పెండ్లి పిలగాడు రాలే.

నేను మాత్రం చూడంది పంపను. గొప్పతనం గాదు, నా గుణం గట్లున్నది. చిన్నప్పుడు బడిల గూడ పక్కదాని లెక్కలు చూసి ఎక్కిచ్చుకోకపోదును. తప్పయినా నాదే ఉండాలె.

కాకకు ఫోన్ చేసిన. "కాకా, స్వెటర్ మంచిగున్నది," అన్న.

"ఊరంత ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారట," అన్నడు. తిట్టలే, నవ్వుకుంటనే అన్నడు. ఆయన చెడ్డోడు గాదు. ప్రమాదమైన కాడికి పోయినప్పుడు ఏడిసేటోళ్లను ఎట్ల పలకరియ్యాలె, ఏం అడుగొద్దు, ఫోన్ ఎప్పుడు లోపట వెట్టుకోవాలె అన్నది నాకు నేర్పిందే ఆయన. "రేపో ఎల్లుండో పోయి తెరుస్తడు గదనే బిడ్డా. ఒక్క దినం ముందుగాల రాస్తె ఏం మునిగింది?"

ఏం మునిగిందో నాకు గప్పుడు తెల్వదు. కాకకు అసలే తెల్వదు.

తెల్సింది మా పక్కింటి చిన్నమ్మ వల్ల. చిన్నమ్మంటె సొంత చిన్నమ్మ గాదు, వరుస గట్ల కలిసింది. బీడీలు చేస్తది. చిన్నాయన ప్రైవేటు లారీ నడిపేటోడు, లేడిప్పుడు. బాయిల పనిచేసినోళ్ల ఇండ్లకు కంపెనీ దవాఖాన ఉంటది. చిన్నమ్మకు ఏముంటది? సర్కారు పెద్ద దవాఖాననే దిక్కు. షుగరుంది. చెప్పు కరిచి కాలి బొటనవేలు కాడ పుండైంది. చిన్నదే గదా అని పసుపు పెట్టుకోని ఊకున్నది, అది ఎంతకు మానకపాయె. పెద్ద దవాఖానల డాక్టరు ఖరాఖండిగ చెప్పిండట. దినం తప్పిచ్చి దినం శుభ్రం చేపిచ్చి కట్టు కట్టిచ్చుకోవాలె, లేకుంటె వేలు తీసేసుడే. వేలుతోని ఆగకపోవచ్చు అని గూడ అన్నడట. ఆ ఎండలకు ఆటో పట్టుకోని పోవుడు, లైన్ల నిలవడుడు, మధ్యాహ్నం దాటినంక ఇల్లు చేరుడు. చిన్నమ్మ ఒకసారి పోతె రెండుసార్లు పోకపోయేది. అందుకే గల్లి చివర్ల దవాఖాన కడుతాంటె అందరికన్నా ఎక్కువ సంబురపడ్డది ఆమెనే. సున్నం వేసిన్నాడు గూడ కుంటుకుంట పోయి చూసి వచ్చింది.

ఓపెనింగు నాడు ముందటి కుర్చీల కూసున్నది గూడ ఆమెనే. రిబ్బన్ కొయ్యలేదని తన కండ్లతోని చూసింది. అయినా పేపర్ల వచ్చిందని ఎవరో చదివి చెప్తే, నమ్మి, కాలుకు పాత బట్ట చుట్టుకోని పోయింది. తాళం చూసి, అటునుంచి అటే సీదా మా ఇంటికి వచ్చింది.

"నేను లేసి వచ్చినంక తెరిచిండ్రేమో అనుకున్న బిడ్డా. పేపర్ల వచ్చింది గద," అన్నది. "గిట్ల రాస్తరా మీరు?"

"మా పేపర్ల రాలే చిన్నమ్మా. నేను రాయలే."

"ఏ పేపరైతేందే? మీరందరు ఒక్కటే."

గా మాట నాకు కత్తి తీరు దిగింది. ఇంకెవలన్నా అంటె నాలుగు తిరగ అందును. చిన్నమ్మను ఏమంట? ఆమె తన కండ్లను కాదని మమ్ముల నమ్మి, కుంటుకుంట పోయింది. నాకు గా పూట అన్నం సయించలే.

పోయి నర్సును అడిగిన. పాపం ఆ పిల్ల గోలేటి దిక్కు నుంచి వచ్చింది, కొత్త నౌకరి. రోజు డ్యూటీకి వచ్చి, తాళమేసిన తలుపు ముందట మెట్ల మీద కూసోని పోతాంది. "తాళంచెవి నా దగ్గర లేదక్కా. ఓపెనింగు నాడు పళ్లెంల పెట్టి సారుకు ఇయ్యాలెనని పీఏ సారు తీసుకున్నడు. అడిగితె, సారు తెరవంది ఎట్ల ఇస్త అంటున్నడు." సరే అని దవాఖానలు చూసే ఆఫీసరును అడిగిన. "ప్రారంభం అయిపోయింది గదమ్మా, పేపర్లల్ల చూసినం. మేం పైకి గూడ చెప్పేసినం," అన్నడు. మరి పీఏను అడిగితె, "ఎట్లక్కా? ఓపెన్ అయిందని అన్నిట్ల వచ్చె. మళ్ల ఓపెనింగు పెడ్తె పరువేముంటది?" అన్నడు.

చూసిండ్రా తమాషా. తెరవలేదు గనుక తాళం తియ్యరు. తెరిచినమని అచ్చయింది గనుక తెరవడానికి రారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, దవాఖానకు పేరొచ్చింది, ఫొటో వచ్చింది, లీడరుకు పైనోళ్ల నుంచి శభాష్ గూడ వచ్చింది, తలుపు మాత్రం తెరుసుకోలే. అబద్ధమని తెల్సిన విలేకర్లు దిద్దరు, దిద్దితే వాళ్ల పేరే పోతది. లీడరు దిద్దడు, ఆయన పేరు పోతది. ఇద్దరు కలిసి చిన్నమ్మ వేలు మీద కూసున్నరు. ప్రజాస్వామ్యంల పేపరోళ్లు, లీడర్లు కొట్లాడుకుంటె జనానికి నష్టమని కొందరు అంటరు. కొట్లాడుకుంటె ఏం గాదు. మరీ సోపతైతేనే నష్టం. గది నేను గా ఎండకాలంల సమజ్ చేసుకున్న.

దినాలు పోతాన్నయ్. చిన్నమ్మ పుండు వాసన పట్టింది. డాక్టరు ఇంకొక్కసారి చూస్త, తగ్గకుంటె తీసుడే అన్నడు. గా దినం చిన్నమ్మ బీడీల చేట ముందటేసుకోని కూసున్నది గని ఆకు కత్తిరిస్తలేదు.

నేను తాళం ఫొటో తీసి ఐటం కొట్టి పంపిన. డెస్కుల ఉన్నాయన ఫోన్ చేసిండు. "ఏందమ్మా గిది? అందరు తెరిచిండ్రని రాసిరి, మీరేమో తాళమంటరు. ఎవలను నమ్మాలె?"

"ఫొటోను నమ్ముండ్రి సార్."

"డ్యూటీ టైము అయిపోయినంక తీసిన ఫొటో అంటరు. లీడరు వివరణ తీసుకోండి. ఉంటేనే వేస్తం."

ఆయన అన్నదాంట్ల తప్పు లేదు. ఎవలి మీద రాస్తున్నమో వాళ్ల మాట గూడ ఉండాలె. తెల్లారి స్కూటీ తీస్కోని సీదా లీడరు ఇంటికి పోయిన.

పొద్దుగాల ఆయన వాకిట్ల మస్తు జనం ఉంటరు. బదిలీ కావాల్సినోళ్లు, పింఛను ఆగినోళ్లు, ఊకెనే కనబడి పోదామని వచ్చినోళ్లు. ఆయన బనీను మీద తువ్వాల వేసుకోని ప్లాస్టిక్ కుర్చీల కూసోని చాయ్ తాగుతున్నడు. ఒకప్పుడు బాయి దిగిన మనిషే, యూనియన్ల తిరిగి పైకి వచ్చిండు. ఇప్పటికి చాయ్ సాసర్ల పోసుకోనే తాగుతడు.

"రా చెల్లె. పేపర్ల నన్ను వేస్తలేవు గని ఇంటికైతె వస్తున్నవ్," అన్నడు.

"వచ్చిన కాడ వేస్తనే ఉన్న గదన్నా. రాని కాడ ఎట్ల వేసుడు?"

వాకిట్ల ఒకలిద్దరు నవ్వబోయి, ఆయన మొఖం దిక్కు చూసి ఆగిండ్రు. ఆయన నవ్వంగనే వాళ్లు గూడ నవ్విండ్రు. ఆయనల నాకు నచ్చే గుణం గదే, తన మీద ముచ్చటకు గూడ నవ్వుతడు.

"దవాఖానకు తాళమున్నదని ఐటం పోతాంది. మీ మాట కావాలె," అన్న.

"నీకు తెల్వందా చెల్లె? నువ్వే రాస్కో."

"నాకు తెల్వదన్నా. నీ నోటితోని చెప్పు."

ఆయన సాసరు కింద పెట్టిండు. నీ నోటితోని చెప్పు అని ఆయనను అడిగినోళ్లు లేక ఎన్నేండ్లయిందో. లేసి నన్ను లోపటి అర్రలకు తోలుకపోయిండు. పీఏ ఎంబడి వచ్చిండు.

"ఏం చెయ్యమంటవ్ చెప్పు," అన్నడు లీడరు, గొంతు తగ్గిచ్చి. "పెద్దపల్లికి పోకుంటె గా పెద్దమనిషి ఏమనుకునేటోడు? ఇటు దిక్కు నేను తెరిచిన అని మీ పేపర్లోళ్లు రాసిరి. ఇప్పుడు పోయి మళ్ల రిబ్బన్ కోస్తె జనం నవ్వరా?"

"రిబ్బన్ ఎవలు కొయ్యమన్నరన్నా? తాళం తియ్యి."

"తాళం తీస్తె ఫొటో ఏముంటది?"

పరాచికం గాదు, నిజంగనే అడిగిండు. నాకు గా మాటకు కోపం రాలే. ఆయన కష్టం నాకు తెల్సు. పైనోళ్లు ఆయన పనిని చూడరు, పేపరు కటింగులను చూస్తరు. మాకు వార్త లేకుంటె ఎట్ల పూట గడవదో, ఆయనకు ఫొటో లేకుంటె గట్లనే గడవదు. గని నేను అక్కడికి వచ్చింది ఆయన కష్టం వినడానికి గాదు.

"మా పక్కింటి చిన్నమ్మ కాలి వేలు తీసేస్తమంటున్నరన్నా," అన్న. పుండు సంగతి, ఆటో సంగతి, ఆమె తాళం చూసి వచ్చిన సంగతి మొత్తం చెప్పిన. ఆయన తల వంచుకోని విన్నడు. మనసు కరిగిందనే అనుకున్న.

గప్పుడే పీఏకు తెలివి పుట్టింది. "అన్నా, ఆకస్మిక తనిఖీ పెడ్దాం. నువ్వు ఉన్నట్టుండి పోతవు. తాళం ఉంటది. కెమెరాల ముందట గరం అయితవు. తెల్లారి పేపర్లల్ల ఆగ్రహం అని వస్తది. పాము చావాలె, కట్టె విరగొద్దు."

లీడరు మొఖంల వెలుగొచ్చింది.

"ఎవల మీద గరం అయితడు?" అని అడిగిన.

"నర్సు మీద. రెండు మాటలు. గంతే."

"తాళంచెవి ఎవలి జేబుల ఉన్నది తమ్మీ?"

పీఏ చెయ్యి తనకు తెల్వకుంటనే పాయింటు జేబు మీదికి పోయింది. "అత్త మీది కోపం దుత్త మీద చూపిస్తరా?" అన్న. "రోజు వచ్చి ఎండల కూసోని పోతున్న పిల్లను తిడితే, నేను గది గూడ రాస్త. చెవి ఎవలి జేబుల ఉన్నదో గూడ రాస్త."

గప్పుడు లీడరుకు నిజంగ కోపం వచ్చింది. "ఏం రాస్తవో రాస్కో పో. వివరణ కావాలె గద నీకు? రాస్కో. దవాఖాన తెరిచే ఉన్నది. రోజు వైద్యం అందుతాంది. తాళమున్నదని అన్నోళ్లు అబద్ధాలు చెప్తున్నరు. చాలా?"

నేను ఫోన్ల రికార్డు పెట్టి, ఒక్క మాట పోనియ్యకుంట కాగితం మీద రాసుకున్న. రాసింది ఆయనకు చదివి వినిపిచ్చిన. "గిదేనా అన్నా? ఏమన్న తీసేసేదున్నదా?"

"లేదు."

"సరే. రేపు పొద్దుగాల అచ్చయితది. తాళం ఫొటో, దాని కింద నీ మాట, నీ పేరు. రోజు వైద్యం అందుతాందని నువ్వన్నవ్ గనుక, పేపరు చదివినోళ్లు చెప్పులేసుకోని పోయి చూస్తరు. గల్లి చివర్లనే గద."

ఆయన పీఏ దిక్కు చూసిండు. నేను దండం పెట్టి బయటికి వచ్చిన.

అక్కడైతె మొగోని తీరు మాట్లాడిన గని, స్కూటీ మీద ఇంటిదాక ఒకటే ఆలోచన. ఆయన మొండికేస్తే? తాళం గట్లనే ఉండి, నా వార్త నాకు మిగిలి, చిన్నమ్మ వేలు పోతే? ఉన్నది ఉన్నట్టు రాసుడు నాకు వచ్చిన ఒకే ఒక్క పని. దాన్నే నమ్ముకున్న.

తెల్లారి మా పేపర్ల వచ్చింది. నేను చాయ్ గూడ తాగకుంట దవాఖానకు పోయిన. తాళం లేదు. తలుపులు బార్లా తెరిచి ఉన్నయ్. నేల అప్పుడే కడిగిండ్రు, తడి మెరుస్తాంది. ఫ్యాన్ తిరుగుతాంది. మందుల డబ్బాలు అట్టపెట్టెలకెళ్లి తీసి బల్ల మీద సర్దుతున్నది నర్సు. నన్ను చూసి కండ్లతోని నవ్వింది. నేను వెనుకకు మళ్లి ఉరుకుతాన్నట్టే పోయి చిన్నమ్మను స్కూటీ మీద ఎక్కిచ్చుకోని తెచ్చిన.

నర్సు పాత కట్టు ఇప్పి పుండు కడుగుతుండంగనే బయట బండ్ల సప్పుడైంది. లీడరు వచ్చిండు. తెల్లబట్టలు, మంది, వెనుక మా విలేకర్లందరు, ముందట కాక. లీడరు తలుపుల నిలవడి చెయ్యి లేపి చూపిచ్చిండు. "చూడుండ్రి. తాళమున్నదని రాసిండ్రు. ఎక్కడున్నది తాళం? వైద్యం అందుతలేదని రాసిండ్రు. మరి గీ తల్లికి ఏం చేస్తున్నరు? కొందరు పనిగట్టుకోని నా మీద బురద జల్లుతున్నరు. గసొంటి అబద్ధాల రాతలను జనం నమ్మరు." 'కొందరు' అన్నప్పుడు నా దిక్కే చూసిండు. కెమెరాలు గూడ నా దిక్కు తిరిగినయ్. నేను చిన్నమ్మ చెప్పులు చేతుల పట్టుకోని గోడకు నిలవడ్డ.

అక్కడికి ఆగితె అయిపోవు. ఆగలే. చిన్నమ్మ కాడికి వచ్చి, భుజం మీద చెయ్యేసి, కెమెరా దిక్కు తిరిగి అడిగిండు. "చెప్పమ్మా, నీకు ఎప్పటి సంది ఇక్కడ కట్టు కడ్తున్నరు?"

చిన్నమ్మ ఆయనను చూసింది. నన్ను చూసింది. నర్సు చేతుల ఉన్న తన కాలును చూసుకున్నది. ఆయన ఏమనమంటె అదే అను చిన్నమ్మా అని మనసుల అనుకున్న. ఒట్టు, గట్లనే అనుకున్న. నిజం నేను రాస్త గని, నీకు కట్టు కావాలె.

"ఇప్పటి సంది కొడుకా," అన్నది చిన్నమ్మ. "నేల గూడ ఆరలే, జారి పడ్తవు, పైలం. మొదటి కట్టు నాదే."

కాక మెల్లగ ఫోన్ కిందికి దించిండు. పీఏ నేల దిక్కు చూసిండు, తడి నిజంగనే ఆరలే. లీడరు నవ్విండు. "మంచిగ కట్టిచ్చుకో అమ్మా," అని భుజం తట్టి పోయిండు.

తెల్లారి అన్ని పేపర్లల్ల ఒక్కటే వచ్చింది. తప్పుడు రాతలను ఖండించిండట. గీసారి స్వెటర్ లేదు. చిన్నమ్మ మాట ఎక్కడ లేదు. మా పేపర్ల ఉన్నది. తలుపు మొదటిసారి తెరిచిండ్రని, నేల తడి ఆరలేదని, మొదటి కట్టు ఎవలదో, ఆమె ఏమన్నదో రాసిన. ఆయన నన్ను అబద్ధాలదన్న సంగతి గూడ ఉన్నదున్నట్టు రాసిన. డెస్కాయన జర చిన్నగ వేసిండు గని వేసిండు. పొద్దుమూకి కాక ఫోన్ చేసిండు. "నేల తడి నేను గూడ చూసినే," అన్నడు. అప్పటి సంది గ్రూపుల ఓపెనింగు ఐటం పడితె కింద ఒక మాట అడుగుతున్నడు: ఎవలన్న పోయిండ్రా?

లీడరుకు నాకు మాటలు బందు గాలే. ఎదురువడితె, "ఏం చెల్లె, అబద్ధాలు ఎట్ల నడుస్తున్నయ్?" అంటడు. "నీ దయవల్ల మంచిగ నడుస్తున్నయన్నా," అంట. మీటింగులల్ల ఇప్పటికి చెప్తడు, తెరిచిన దవాఖానకు తాళమున్నదని ఒకామె రాసిందని. ముందట కూసోని రాసుకుంట ఉంట. చెప్పనియ్యి. నేను అబద్ధాలదాన్ని కావాలంటె గా తలుపు రోజు తెరిచి ఉండాలె గద. గది ఆయనకు గూడ తెల్సు. వానకాలంల ఒకనాడు నర్సు సెలవు పెట్టింది. పొద్దెక్కినా తలుపు తెరవలే. నేను ఏం చెయ్యలే, ఎదురుంగ చెట్టు కింద స్కూటీ ఆపి ఫోన్ చేతుల పట్టుకోని నిలవడ్డ. జరసేపటికే పీఏ బండి మీద వానల తడుసుకుంట వచ్చిండు, వెనుక ఇంకో నర్సును ఎక్కిచ్చుకోని. "అక్కా, ఫొటో తియ్యకు, తెరుస్తున్నం," అన్నడు. తియ్యలే. చాయ్ తాగిపిచ్చి తోలిచ్చిన.

చిన్నమ్మ పుండు మానింది. మచ్చ ఉన్నది, వేలు ఉన్నది. ఇప్పుడు బీడీల చేట నెత్తిన పెట్టుకోని బీడీ కంపెనీకి తానే నడిచి పోతది. మొన్న మా అరుగు మీద కూసోని ఆకు కత్తిరిచ్చుకుంట అడిగింది.

"అంతమంది ముందట నిన్ను అబద్ధాలదానివి అన్నడు. ఇంకా అంటనే ఉన్నడు. నీకు కోపం లేదానే?"

"నీ వేలు ఉన్నదా చిన్నమ్మా?"

కాలు చాపి చూసుకున్నది. "ఉన్నది," అన్నది.

"మరి అననియ్యి."